పదకొండు పళ్ళతో చైనా హోటలుకు

తిరుపతికి పోయి కొండెక్కకుండా తిరిగొచ్చినవాళ్ళు మా వీధిలో ఇప్పటికి ఇద్దరే. ఒకరు నేను, ఇంకొకరు మా వదినె. బస్సు దిగి ఇంటి తాళం తీయకముందే ఎదురింటావిడ ప్రసాదం కోసం చెయ్యి చాపింది. మేము దేవుడి కోసం పోలేదనీ, పళ్ళు పీకించుకోవడానికి ఒకరం, చైనా హోటల్లో తినడానికి ఇద్దరం పోయామనీ చెప్పాను. ఆవిడ ముక్కు మీద వేలేసుకుంది. వేసుకోనీ. వచ్చి పది రోజులైనా నా కోపం దిగలేదు. దిగకముందే రాసేద్దామని కూర్చున్నాను. ఆగి రాస్తే మర్యాదగా రాస్తానేమోనని భయం.

మొదట మేమెవరమో చెప్పాలి. నేను చిత్తూరు బాలికల హైస్కూల్లో తెలుగు టీచరును. ఇరవై రెండేళ్ళ సర్వీసు. పెళ్ళి చేసుకోలేదు, దాని కారణాలు ఈ ప్రయాణానికి అక్కర్లేదు. వదినె పేరు కనకమ్మ, మా అన్న భార్య. అన్నకు బెల్లం మండీ ఉండేది. ఆయన పోయి మూడేళ్ళయింది. అప్పటినుంచి ఆ ఇంట్లో మేమిద్దరమే. నా రేషన్ కార్డులో ఆమె పేరుంది, ఆమె చేసే వంటలో నా రుచి ఉంది. ఇంతకంటే కుటుంబం అంటే ఏమిటో నాకు తెలియదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, ముందు పనికొస్తుంది.

అన్న నెలకొకసారి మండీ పని మీద మద్రాసు పోయేవాడు. తిరిగొచ్చిన రోజు అన్నం తింటూ అక్కడి చైనా హోటలు గురించి చెప్పేవాడు. ఎర్ర కాగితపు దీపాలంట, గోడంతా కాళ్ళున్న పాములంట. అక్కడ ఒక పదార్థం ఉంటుందంట, మన మురుకుల్లాంటివి ప్లేటు నిండా పోసి, మన కళ్ళ ముందే పైన ఎర్రగా పులుసు పోస్తారంట. పోసిన ఐదు నిమిషాల్లో తినేయాలి. ఆలస్యమైతే మెత్తబడిపోతుంది, మెత్తబడితే ఇక దాని మహిమ లేదు. అన్న ఆ కరకరను నోటితో చేసి చూపించేవాడు. మురుకులు చేయడంలో మా వదినెను మించినవాళ్ళు చిత్తూరులో లేరు. అలాంటి ఆమె ముందు కూర్చుని, ఆమె మురుకులే తింటూ ఆయన ఈ కథ చెప్పేవాడు.

వదినె ఒకే ఒక్కసారి, నన్నూ తీసుకపోరాదా అని అడిగింది. అది ఆడోళ్ళు పోయే తావు కాదన్నాడు అన్న. ఆమె మళ్ళీ అడగలేదు. నేను ఆ పూట అక్కడే కూర్చుని మజ్జిగ కలుపుకుంటున్నాను. నోరు మెదపలేదు. ఇవాళ అందరినీ తిడుతున్నాను కాబట్టి ఈ సంగతి కూడా రాయాలి.

చిత్తూరు బస్టాండు

రెండేళ్ళుగా వదినె పళ్ళు ఒక్కొక్కటే కదిలిపోతూ వచ్చాయి. చిగుళ్ళ జబ్బు. చివరికి పదకొండు మిగిలాయి. అవి కూడా ఉంచితే ఒళ్ళంతా చెడుతుందనీ, అన్నీ ఒకేసారి తీసేసి కొన్ని నెలలాగి సెట్టు పెట్టించుకోవాలనీ తిరుపతిలో పళ్ళ డాక్టరు చెప్పాడు. రోజు కూడా ఇచ్చాడు. వదినె ఏడవలేదు, భయపడలేదు. ఆ రోజు సాయంత్రం చేట ముందు కూర్చుని బియ్యం ఏరుతూ నాతో అన్నది:

“రాజీ, తిరపతిలో గూడా చైనా హోటలు పెట్టినారంటనే. కుడిపక్క పైన రెండు, కింద రెండు ఇంకా కలుస్తాండాయి. సొంత పళ్ళతో ఒకతూరి ఆ కరకరలాడేది కొరికి సూడల్ల.”

మా స్కూల్లో సైన్సు టీచరు భర్త తిరుపతి యూనివర్సిటీలో పని చేస్తాడు. ఆ హోటలు సంగతి మోసుకొచ్చింది ఆవిడే. నేను ఇంట్లో మాటవరసకు చెప్పాను. వదినె దాన్ని మనసులో దాచుకుని, పళ్ళు పీకే రోజు ఖాయమయ్యాక బయటికి తీసింది. ముప్పై ఏళ్ళలో ఆమె నన్ను అడిగిన మొదటి కోరిక ఇది. పళ్ళు పీకించేలోపు ఎలాగైనా తినిపిస్తానని మాటిచ్చాను. సెలవు పెట్టాను. స్కూల్లో కారణం రాయాల్సిన చోట వైద్యం అని రాశాను, సగం నిజం.

పూతలపట్టు

బస్సు పూతలపట్టు కూడలిలో ఆగినప్పుడు మా వెనక సీట్లోకి ఒక మనిషి ఎక్కాడు. యాభై దాటి ఉంటాడు, ఒత్తయిన జుట్టు, భుజం మీద తువ్వాలు, చేతిలో గుడ్డసంచి. ఎక్కినప్పటినుంచి దిగేదాకా మాట్లాడుతూనే ఉన్నాడు. పేరు మునెయ్య. రెండు బావులు తవ్వితే రెండూ ఎండిపోయాయంట, మూడోదానికి గుండు మొక్కుకున్నాడంట, నీళ్ళు పడ్డాయంట. అందుకే కొండకు. ఆ నీళ్ళ రుచి ఎలా ఉందో రెండుసార్లు వర్ణించాడు. దామలచెరువు దగ్గర కిటికీలోంచి మాగిన మామిడికాయలు కొని మాకు చెరొకటి ఇచ్చాడు. పళ్ళ సంగతి విని, పండిన మామిడికి పళ్ళతో పనిలేదక్కా అని వదినెను ఓదార్చాడు. నేను టీచరునని తెలిశాక అయ్యోరమ్మా అని పిలవడం మొదలుపెట్టాడు. మంచి మనిషి. ఆయన మీద నాకు ఏ కోపమూ లేదు. ఆయనను మాకు కావలసిన మనిషిగా చేసినవాళ్ళ మీదనే ఉంది.

ఆసుపత్రి

ఆ రాత్రి సైన్సు టీచరు ఆడపడుచు ఇంట్లో పడుకుని, మరునాడు పొద్దున ఆసుపత్రికి పోయాం. బి.పి. చూశారు, రక్తం చూశారు. రేపు ఎనిమిదింటికి రమ్మన్నారు. ఈ రాత్రికి గంజి మాత్రం తాగి మాత్రలు వేసుకుని పడుకోవాలి. తర్వాత రెండు మూడు నెలలు మెత్తటివే తినాలి. సెట్టు వచ్చినా గట్టివి కొరకడం కుదరదని డాక్టరు ముందే చెప్పేశాడు. అంటే మాకు మిగిలింది ఆ మధ్యాహ్నం ఒక్కటే.

నర్సు ఒక కాగితం తెచ్చి ఎవరైనా ఇంటివాళ్ళు సంతకం పెట్టాలంది. నేను పెట్టాను. సంబంధం అన్నచోట ఆడబిడ్డ అని రాశాను. నర్సు చదివి తల ఊపి కాగితం ఫైల్లో పెట్టుకుంది. మగవాళ్ళు లేరా అని అడగలేదు. పదకొండు పళ్ళు పీకడానికి నా సంతకం చాలింది.

మేడమెట్లు

హోటలు గాంధీ రోడ్డు పక్కసందులో, బట్టలకొట్టు మీద మేడలో ఉంది. పేరు రాయను. తిట్టడానికైనా పేరు రాస్తే పదిమంది చూడటానికి పోతారు. ఒంటిగంట ముప్పావుకు చేరాం. వంటవాళ్ళు రెండున్నరకు పొయ్యి ఆపేస్తారనీ, మళ్ళీ సాయంత్రం ఏడుకే వెలిగిస్తారనీ కింద బోర్డు మీద రాసి ఉంది. మెట్లెక్కుతుంటే వదినె కొత్త చీర కుచ్చిళ్ళు రెండుసార్లు సవరించుకుంది. ఆకుపచ్చ నేత చీర, అన్న పోయాక కొన్న మొదటి చీర.

తలుపు తీయగానే చల్లటి గాలి వచ్చింది. ఎర్ర దీపాలు నిజంగానే ఉన్నాయి. గోడ మీద కాళ్ళున్న పామూ ఉంది, నిప్పు కక్కుతోంది. వదినె ఒక్క క్షణం దాన్నే చూస్తూ నిలబడిపోయింది. నాలుగు టేబుళ్ళ దగ్గర మగవాళ్ళు తింటున్నారు, మిగతావి ఖాళీ. మేము మధ్య టేబుల్ వైపు రెండడుగులు వేశామో లేదో, టై కట్టుకున్న మనిషి ఒకడు అడ్డం వచ్చాడు. మేనేజరంట. ముప్పై ఏళ్ళుంటాయి. నా మొహం చూశాడు, వదినె నుదురు చూశాడు, మా వెనక మెట్లవైపు చూశాడు.

ఎవరి కోసమని అడిగాడు. భోజనం కోసమన్నాను. మీతో జెంట్స్ ఎవరూ రాలేదా అన్నాడు. రాలేదన్నాను. అయితే హాల్లో కుదరదు మేడమ్, హాలు జెంట్సుకు అన్నాడు. సరే, లేడీస్ ఎక్కడ కూర్చుంటారని అడిగాను. లోపల వరసగా చెక్క అరలు, వాటికి తెరలు చూపించాడు. పైన ఇంగ్లీషులో ఫ్యామిలీస్ ఓన్లీ అని రాసుంది. అక్కడే కూర్చుంటామన్నాను. అది కూడా కుదరదన్నాడు. ఎందుకు కుదరదంటే మేము ఫ్యామిలీ కాదంట.

“మేమిద్దరం ఒకే ఇంటివాళ్ళం. ఒకే పొయ్యి. ఈమె మా వదినె. మేము ఫ్యామిలీ కాకపోతే మరేంది?” అన్నాను.

“జెంట్స్ ఉంటేనే ఫ్యామిలీ మేడమ్. రూలు. ఒక్క జెంటిల్మన్ ఉన్నా చాలు,” అన్నాడు.

చూశారా? హాలు మగవాళ్ళది కాబట్టి అక్కడ కూర్చోకూడదు. అర కుటుంబానిది కాబట్టి అక్కడా కూర్చోకూడదు. ఆడది ఒంటరిగా వస్తే ఆమెకు ఈ మేడ మీద నిలబడే జాగా ఉంది కానీ కూర్చునే జాగా లేదు. మా చిత్తూరు బస్టాండు దగ్గర టిఫిన్ హోటల్లోనూ ఆడవారికి అని ఒక చెక్క అడ్డం ఉంది. దాని వెనక ఫ్యాను తిరగదు, ఈగలు మాత్రం తిరుగుతాయి. అయినా అక్కడ నీ మొగుడెక్కడ అని అడిగి దోసె వేసే అలవాటు లేదు. పదిహేనేళ్ళుగా ఆ అడ్డం వెనక కూర్చుని ఇడ్లీ తిన్నాను, ఎన్నడూ ఒక్క మాట అనలేదు. ఇక్కడికి రావడానికి అక్కడే దారి వేసి పెట్టానని ఇప్పుడనిపిస్తోంది.

నేను గొంతు పెంచాను. ఇరవై రెండేళ్ళ సర్వీసు గురించి చెప్పాను. పొద్దున పెట్టిన సంతకం గురించి చెప్పాను. పళ్ళు పీకడానికి పనికొచ్చినదాన్ని ప్లేటు పెట్టించుకోవడానికి పనికిరానా అని అడిగాను. తింటున్నవాళ్ళు తలలెత్తి చూశారు. మేనేజరు ఇంగ్లీషులో సారీ సారీ అంటూనే మమ్మల్ని తలుపు దాకా నడిపించాడు. గదమాయించలేదు, తొయ్యలేదు. ఎంతో మర్యాదగా బయట పెట్టాడు. అదే నాకు మరీ మండింది.

కిందికి, మళ్ళీ పైకి

మెట్లు దిగేసరికి రెండు దాటింది. నేను ఇంకా తిడుతూనే ఉన్నాను. వేరే హోటలుకు పోదామన్నాను, పూరీ తిందామన్నాను. వదినె సందు మొగలో చెరకురసం బండి దగ్గర నిలబడి ఉన్న ఒక గుండును చూస్తోంది. గుండు మీద గంధం ఇంకా తడి ఆరలేదు. మునెయ్య. జుట్టు లేకపోయేసరికి నేను పోల్చుకోలేదు, ఆమె పోల్చుకుంది. నేరుగా ఆయన దగ్గరికి పోయింది.

“ఏమప్పా, ఒక గంట మాతో కూసుంటావా? పైన హోటల్లో మొగమనిషి లేకుంటే పెట్టరంట.”

మునెయ్య తికమకపడ్డాడు. మేడ మీది బోర్డు చూశాడు, అది ఏం హోటలని అడిగాడు. చెప్పగానే రెండడుగులు వెనక్కి వేశాడు. అక్కడ నీసు వండుతారు. తాను కొండ నుంచి నేరుగా వస్తున్నాడు, సంచిలో ప్రసాదం ఉంది, తలమీద గంధం ఉంది. ఊరివాళ్ళు ఎవరైనా చూస్తే మూడో బావి కూడా ఎండిపోతుందని చెప్పుకుంటారు. ఆయన భయం న్యాయమైనదే. వదినె బతిమాలలేదు. లోపల తెర ఉంటుందని, ఎవరికీ కనబడవని, ఏమీ తినక్కర్లేదని చెప్పింది. రేపు తన పళ్ళు పోతాయని కూడా చెప్పింది. ఆయన కాసేపు గుండు నిమురుకున్నాడు. కొత్త గుండు కదా, చెయ్యి మాటిమాటికీ అక్కడికే పోతోంది.

“తెర మంచిగా మూసుకుంటాదా అక్కా?” అని అడిగి మెట్లెక్కాడు.

బస్సులో పరిచయమైన, మా ఇంటిపేరు కూడా తెలియని మనిషిని ముందు నడిపించుకుని పైకి పోవడానికి నాకు సిగ్గేసింది. నేను రానని మెట్ల దగ్గరే ఆగిపోయాను. వదినె వెనక్కి తిరిగి నా చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది. మేనేజరు ఆయన్ను చూశాడు. చెప్పుల్లేవు, మోకాళ్ళ దాకా పంచె, గంధం గుండు. మాకు ఏమవుతాడని అడగలేదు. మొగుడా, అన్నా, తోవన పోయేవాడా, ఏదీ అడగలేదు.

“రండి సార్,” అన్నాడు.

ఆ సార్ అన్న మాట వింటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. మునెయ్య సార్ అనిపించుకోదగిన మనిషి కాదని కాదు. పది నిమిషాల కిందట అదే తలుపు దగ్గర నేను ఎన్ని చెప్పినా రాని మర్యాద, ఆయన నోరు విప్పకుండానే వచ్చింది.

అరలో

చెక్క అరలో మూడు కుర్చీలు, ఒక టేబులు, స్వామివారి క్యాలెండరు. ఎర్ర దీపం లేదు, ట్యూబ్‌లైటు ఉంది. గోడ మీద పామూ లేదు. తెర మూసేశారు. మునెయ్య క్యాలెండరుకు దండం పెట్టుకుని కూర్చున్నాడు. సర్వరు వచ్చి మెనూ ఆయన ముందు పెట్టాడు. ఇంగ్లీషు మెనూ. ఆయన దాన్ని తిప్పి చూసి నా చేతికిచ్చాడు. చదివింది నేను, చెప్పింది నేను, అయినా ప్రతి మాటకూ సర్వరు సార్ వైపే చూశాడు. ఇంకేం కావాలి సార్, కారం తక్కువా ఎక్కువా సార్. నాకు తెలీదప్పా, ఆయమ్మనడుగు అని మునెయ్య నాలుగుసార్లు చెప్పాడు. సర్వరు ఐదోసారీ ఆయన్నే అడిగాడు.

మా అన్న చెప్పిన పదార్థం మెనూలో ఉంది. దాని పేరు అమెరికన్ చాప్‌సూయ్ అంట. చైనా హోటల్లో అమెరికా పేరెందుకో ఎవరూ చెప్పలేకపోయారు. ప్లేటు పన్నెండు రూపాయలు. ఆ డబ్బుతో మా బస్టాండు హోటల్లో నలుగురు కడుపునిండా భోంచేయవచ్చు. ముందు సూపు తెచ్చారు. జావలాగా చిక్కగా, ఉప్పు లేకుండా ఉంది. చిన్న గిన్నెలో పచ్చిమిరపకాయ ముక్కలు నీళ్ళలో తేలుతున్నాయి. కారం నీళ్ళనుకుని సగం గిన్నె సూపులో పోసుకున్నాను. అవి నీళ్ళు కావు, పులిసిన ఏదో సారం. ఒక్క గుక్కకే ముక్కులోంచి కూడా నీళ్ళు కారాయి. మునెయ్య పెద్దమనసుతో తన తువ్వాలు కొస నా ముందుకు తోశాడు, తుడుచుకోమని.

తర్వాత ప్లేటు వచ్చింది. బంగారు రంగులో వేయించిన పోగులు, మురుకుల గిద్ద నుంచి పడ్డట్టు సన్నగా ఒకదాని మీద ఒకటి. సర్వరు మా ముందే ఎర్ర పులుసు పోశాడు, సన్నగా చిటపటమంది. అన్న చెప్పింది చెప్పినట్టే. ఇక ఐదు నిమిషాలు. నేను స్పూను వదినె చేతికిచ్చాను.

ఆమె తీసుకోలేదు. ప్లేటును చూసింది, ట్యూబ్‌లైటును చూసింది, చెక్కను చూసింది.

“ఇంత దూరం వచ్చి చెక్కపలక సూస్తా తినల్లనా?” అని లేచి తెర పక్కకు లాగింది.

హాలు కనిపించింది. ఎర్ర దీపాలు, పాము, తింటున్న మనుషులు. మునెయ్య వెంటనే తువ్వాలు తీసి గుండు మీద కప్పుకుని గోడవైపు తిరిగాడు. మేనేజరు పరుగున వచ్చి తెర మూశాడు. వదినె మళ్ళీ లాగింది. ఆయన మళ్ళీ మూశాడు. తెర తీసి ఉంటే హాల్లో జెంట్సుకు ఇబ్బంది అన్నాడు. మమ్మల్ని చూస్తూ తినడం వాళ్ళకు ఇబ్బందంట, వాళ్ళను చూడకుండా తినడం మాకు ఇబ్బంది కాదంట. ఇక నేను అందుకున్నాను. మొదటిసారి మెట్లెక్కినప్పటినుంచి ఉన్నదంతా బయటికి వచ్చింది. రూలు ఎవడు రాశాడన్నాను. ఓనర్ను పిలవమన్నాను. పేపరుకు రాస్తానన్నాను. నీకు అక్కాచెల్లెళ్ళు లేరా అన్నాను. ఆయనా ఇంగ్లీషు వదిలేశాడు. మాది పుత్తూరే అమ్మా, నేనేం జేసేది, ఉద్యోగం పోతాది అన్నాడు. నేను వినలేదు. నేను మాట్లాడుతున్నంతసేపూ ఆ ప్లేటు మెత్తబడుతూనే ఉంది. ఆ సంగతి నాకు తట్టనే లేదు.

తట్టింది వదినెకు. ఆమె ప్లేటు రెండు చేతులతో ఎత్తుకుంది. మా ఇద్దరి మధ్యలోంచి, మేనేజరు భుజం రాసుకుంటూ నడుచుకుంటూ పోయింది. మధ్య టేబులు దగ్గర, పాము కింద, కుర్చీ లాక్కుని కూర్చుంది.

హాల్లో

పక్క టేబుల్ దగ్గర స్పూను ఎత్తినవాడు ఎత్తినట్టే ఉండిపోయాడు. వదినె ప్లేటు అంచున పులుసు తగలని నాలుగు పోగులు వేళ్ళతో విరిచి, కుడిపక్క నోట్లో పెట్టుకుంది. కొరికింది. ఆ చప్పుడు తెర దగ్గర నిలబడిన నాకు వినిపించింది.

మేనేజరు ఆమె దగ్గరికి పోయి వంగి, మీ సార్ లోపల ఉన్నారు కదమ్మా, లోపలికి రండి అన్నాడు. ఆమె నమలడం ఆపలేదు. పూర్తిగా నమిలి మింగి అప్పుడు చెప్పింది.

“ఆయప్పకు తెర కావల్లంట. ఆయన్ను ఆడనే ఉండనీ. మాకు వద్దు.”

తెర వెనకనుంచి మునెయ్య గొంతు వినిపించింది. “అవునప్పా. ఆ తెర రవంత గట్టిగా మూసిపో.”

ఎవరో నవ్వారు. ఇంకెవరో నవ్వారు. మేనేజరు తెరవైపు చూశాడు, మా వైపు చూశాడు. రూలు ప్రకారం లోపల ఫ్యామిలీ ఉండాలి, హాల్లో జెంట్స్ ఉండాలి. ఇప్పుడు లోపల జెంట్సు, హాల్లో మేము. ఆయన టై సర్దుకుని తెర గట్టిగా మూసి కౌంటరు దగ్గరికి పోయి కూర్చున్నాడు. నేను పోయి వదినె ఎదురుగా కూర్చున్నాను. ఇరవై రెండేళ్ళు పిల్లలకు ధైర్యం గురించి వ్యాసాలు రాయించిన నాకు, ప్లేటు ఎత్తుకుని నడవవచ్చని తోచలేదు. తెర తీయించాలని అరిచాను, తెర దాటి నడవవచ్చని ఆమెకే తోచింది.

వదినె అంచులన్నీ తిన్నాక మధ్యకు వచ్చింది. మధ్యలో అప్పటికే మెత్తబడింది. అది నా వైపు నెట్టింది. తియ్యగా, పుల్లగా, నాకేం పెద్ద గొప్పగా అనిపించలేదు. ఆమె మాత్రం దీపాలను చూస్తూ, పామును చూస్తూ, వచ్చేపోయేవాళ్ళను చూస్తూ నెమ్మదిగా తింది. బిల్లు తెర లోపలికి పోయి, మునెయ్య చేతి మీదుగా మళ్ళీ బయటికి నా దగ్గరికే వచ్చింది. ఆయన లోపల తన పెరుగన్నం పొట్లం విప్పుకుని హాయిగా తిన్నాడు. కిందికి దిగాక నాకొక లడ్డు, వదినెకు ఒక లడ్డు ఇచ్చి, అయ్యోరమ్మా, ఆ గది బాగుండాది, సల్లగా ఉండాది అన్నాడు. అది మాత్రం నిజం.

తిరుగు బస్సు

మరునాడు ఎనిమిదింటికి పోతే పదిన్నరకు అయిపోయింది. బయటికి వచ్చేసరికి వదినె బుగ్గలు రెండూ ఉబ్బి, నోటి నిండా దూది. సాయంత్రం దాకా మాట్లాడకూడదన్నారు. ఆసుపత్రి బెంచీ మీద కూర్చుని ఆమె కోసం ఎదురుచూసినంతసేపూ నేను పేపరుకు ఉత్తరం రాశాను. నాలుగు పేజీలు. మేనేజరు, రూలు, అర, తెర, సార్ అన్న మాట, అన్నీ రాశాను. ఆడవాళ్ళ గౌరవం గురించి ఒక పేజీ రాశాను. నాకే చదివితే రక్తం ఉడికింది.

బస్సు పూతలపట్టు దాటాక ఆ ఉత్తరం వదినెకు ఇచ్చాను. కిటికీ గాలికి కాగితాలు ఎగరకుండా రెండు చేతులతో పట్టుకుని మొదటినుంచి చివరిదాకా చదివింది. తల ఊపింది. తర్వాత చెయ్యి చాపి నా పెన్ను అడిగింది. నాలుగో పేజీ అడుగున, నా సంతకానికి కింద, బస్సు కుదుపులకు వంకర్లు పోయే అక్షరాలతో ఇలా రాసింది:

“ఇదంతా సరే. కరకరలాడినాయని రాయలేదే?”

ఆ ఉత్తరం పేపరుకు పంపలేదు. దాన్నే సాగదీసి ఇది రాశాను. కోపం ఎక్కడా తగ్గించలేదు. ఆ హోటలు బోర్డు, ఆ తెర, ఆ రూలు ఇంకా అక్కడే ఉన్నాయి. ఎవరైనా పోతే, మగమనిషిని వెతుక్కోకండి, తలుపు తీయగానే మధ్య టేబులుకు నడవండి.

కరకరలాడినాయి. తెర దగ్గర నిలబడిన నాకు కూడా వినిపించింది.